సోయకూర మడిలో కొమ్ముల పురుగులు

మొన్న శనివారం అంగడిలో సోయకూర కట్ట తీసుకుంటుంటే, అమ్మే ఆయన ఇవ్వబోయిన చెయ్యి గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. కట్ట మధ్యలో ఒక ఆకుపచ్చ పురుగు ఉంది. ఒంటినిండా నల్ల పట్టీలు, పట్టీల మీద నారింజ చుక్కలు. పాపం, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మేం మందులు కొట్టం, అందుకే ఇలాంటివి వస్తుంటాయి, వేరే కట్ట ఇస్తాను అన్నాడు. వద్దు, నాకు అదే కావాలి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు గానీ, ఇచ్చాడు.

జర్మనీలో ఇప్పుడు నేనుండే ఊరు కార్ల్స్‌రూహె. ట్రామ్‌లో ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మలుపు దగ్గర బండి కుదిపింది. పురుగు బెదిరి, మెడ వెనక నుంచి రెండు నారింజ కొమ్ములు బయటికి చాపింది. ఆ వెంటనే వచ్చింది వాసన. బాగా మగ్గి పులిసిపోయిన అనాసపండును పాత నెయ్యి డబ్బాలో మూతపెట్టి ఉంచితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఎదురు సీటు ముసలాయన ముక్కు ఎగబీల్చి, నన్నొకసారి చూసి, లేచి కిటికీ తెరిచాడు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. మా ఇంట్లో ఆ కంపుకు ఉన్నంత గౌరవం అత్తరుకు కూడా లేదు.

కరోనా వచ్చిన ఆ ఏడాది సంగతులు ఇప్పటి పిల్లలకు చెబితే కట్టుకథలు అనుకుంటారు. బడికి తాళం వేశారు. పార్కులో ఉయ్యాలలకు ఎరుపూ తెలుపూ పట్టీలు చుట్టి కట్టేశారు. షాపులో పిండి ఉంటే ఈస్టు ఉండదు, ఈస్టు ఉంటే టాయిలెట్ పేపరు ఉండదు. మనిషి ఎదురొస్తే పక్కకు జరగడమే మర్యాద. నాకు పాలపళ్ళు ఊడుతున్న వయసు. ముందు పళ్ళు లేని నోరు మాస్కు కింద దాగిపోయిందని సంతోషించిన వాళ్ళలో నేనొకదాన్ని.

మేం డ్రెస్డెన్ శివార్లలో ఉండేవాళ్ళం. కింది అంతస్తు వాటా, వెనక చిన్న పెరడు. నాన్న కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో పనిచేసేవాడు. అన్నం తినే బల్లే ఆయనకు ఆఫీసు అయింది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. అమ్మకు ఇంటి నుంచి పని లేదు. మా అమ్మమ్మ సిద్దిపేట అవతలి పల్లె నుంచి మమ్మల్ని చూసిపోదామని వచ్చింది. ఎండలు ముదరకముందే వెళ్ళిపోవాలని ఆవిడ లెక్క. ఈలోగా విమానాలు ఆగిపోయాయి, వీసా గడువు కూడా దాటింది. ఇక వెళ్ళాలంటే ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికి కాగితం చేతికి రావాలి. "వీసాకు టెర్మిన్ దొరికిందా అల్లుడా?" అని నాన్నను పొద్దున్నే అడిగేది, ఊళ్ళో బస్సొచ్చిందా అని అడిగినట్టు. నాన్న ఏడుపు ముఖం పెట్టి, "దొరకలే అత్తమ్మా" అనేవాడు. ఆవిడ వెళ్ళాలని తొందరపడుతోంది గానీ, దొరకలేదు అన్నప్పుడల్లా నాకు లోపల పండగే.

అమ్మమ్మకు కళ్ళు మసకలు. బైబిలు వాక్యం తనే చదువుకోలేదు. ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి, అక్షరాలు నేర్పించి నా చేతే చదివించుకునేది. తప్పు చదివితే తొడపాశం. ఒత్తులు మింగేస్తే ఇంకా గట్టిగా. తను అడిగినదానికి నేను జర్మన్‌లో జవాబిస్తే వినబడనట్టు ఉండేది. ఈ రోజు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆ తొడపాశాల పుణ్యమే.

ఆవిడకు ఇంకో అలవాటుండేది. అన్నానికి బియ్యం కొలిచాక, కడగబోయే ముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి పాత బిస్కెట్ డబ్బాలో వేసేది. అది దేవుని గుప్పెడు. వాళ్ళ ఊళ్ళో విశ్వాసుల ఇళ్ళలో ఆడవాళ్ళందరూ అలాగే చేస్తారట. ఆదివారం మూటగట్టి గుడికి తీసుకుపోతే, పాస్టరయ్య ఇంటికో, ఇల్లు గడవనివాళ్ళకో ఆ బియ్యం పోతాయి. ఇక్కడ గుడికి తాళం. పాస్టరయ్య ఫోను తెరలో గోరంత కనిపించి ప్రార్థన చేసి మాయమయ్యేవాడు. అయినా అమ్మమ్మ గుప్పెడు ఆపలేదు. ఎవరికిస్తావు అమ్మమ్మా అంటే, "పక్కకు తీసుడు నా పని. ఎవ్వరికియ్యాల్నో ఆయన జూసుకుంటడు" అనేది. ఒక డబ్బా నిండి రెండోది మొదలైంది.

ఇక అమ్మ సంగతి. అమ్మది కుక్కముక్కు అని నాన్న ఏడిపించేవాడు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేశాక, నన్ను ఒళ్ళోకి లాక్కుని నా జుట్టులో ముక్కు పెట్టి వాసన చూసేది. చూసి, ఆ రోజు నేనేం చేశానో చెప్పేది. "పెన్సిల్ చెక్కినవు. కమలాపండు తిన్నవు, చేతులు తలకు తుడుచుకున్నవు. గడ్డిల పొర్లినవు." ఒక్కటీ తప్పేది కాదు. నేను దొంగతనంగా చాక్లెట్ తిన్న రోజు తల ఇవ్వకుండా పారిపోయేదాన్ని. అదే మా ఆట. ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. నేను పుట్టిన రోజే అని అమ్మ అంటుంది.

ఆ వసంతంలో అమ్మకు జ్వరం వచ్చింది. అప్పట్లో అందరికీ వచ్చిన జ్వరమే. పెరటి వైపు గదిలో తలుపు మూసుకుని ఉండిపోయింది. గుమ్మంలో పళ్ళెం పెట్టి మేం దూరం జరిగితే తీసుకునేది. అమ్మమ్మ తలుపుకు ఇవతల నేల మీద కూర్చుని, లోపలికి వినబడేట్టు పాటలు పాడేది. దేవుని దయవల్ల అమ్మ లేచింది. దగ్గు తగ్గింది, కాళ్ళల్లో బలం వచ్చింది, మళ్ళీ డ్యూటీకి వెళ్ళింది. కానీ ముక్కు రాలేదు. వాసన లేదు, దానితో పాటు రుచీ పోయింది. పాలు పొంగి మాడిపోతుంటే పొయ్యి పక్కనే నిలబడి ఫోన్ మాట్లాడుతూ ఉండేది. ఏం పెట్టినా, "అట్టముక్క నమిలినట్టుంది అమ్మా" అనేది. నాలుగు ముద్దలు తిని లేచేది. చేతి గాజులు మోచేతిదాకా జారేవి.

నన్ను ఒళ్ళోకి లాక్కోవడం మాత్రం మానలేదు. జుట్టులో ముక్కు పెట్టేది. చాలాసేపు అలాగే ఉండేది. ఏమీ చెప్పేది కాదు. నేను కావాలని పుదీనా నలిపి తలకు రుద్దుకున్నాను. సబ్బు రుద్దుకున్నాను. ఒకసారి నాన్న కాఫీ పొడి కూడా. అమ్మ వేళ్ళతో దువ్వి, "ఇదేందే తల నిండా మట్టి" అంది. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. అమ్మ ఇక నన్ను ఎప్పటికీ పసిగట్టలేదేమోనని నాకు నిజంగా భయం వేసింది. ఆ భయం ముందు బడి లేకపోవడం, ఉయ్యాల లేకపోవడం ఏ మూలకూ చాలవు.

అలాంటప్పుడు ఒకరోజు నాన్న చేపతో పాటు చిన్న ప్లాస్టిక్ కుండీలో మొక్క ఒకటి తెచ్చాడు. దారాల్లాంటి ఆకులు. ఇక్కడివాళ్ళు డిల్ అంటారు, చేప మీద రెండు రెమ్మలు తుంచి వేసుకుంటారు. అమ్మమ్మ ఒక ఆకు గిల్లి ముక్కు దగ్గర పెట్టుకుని అలా నిలబడిపోయింది.

"గిది సోయకూరనే గదనే పిల్లా! మా సోయకూర! గీ దేశంల సోయకూర ఉన్నదని నాకొక్కలన్న చెప్పకపోతిరి!"

ఆవిడకు పట్టరాని సంతోషం. అమ్మ చిన్నప్పుడు జ్వరంపడి లేస్తే పెసరపప్పులో సోయకూర వేసి వండిపెట్టేదట. నాలుక చచ్చిపోయినవాళ్ళకు కూడా అది తింటే లేచొస్తుందట. "గీ కుండీల పూజకు పువ్వంత ఉంటే ఏం జాలుతది? మడి వొయ్యాలె" అని అప్పటికప్పుడు తీర్మానం చేసింది. నాన్న విత్తనాలు తెచ్చాడు. అమ్మమ్మ వాటిని ఇసుకలో కలిపి, కొంగు నడుముకు దోపి, గుప్పెడు గుప్పెడు చొప్పున పెరడంతా విసిరి చల్లింది.

మా పెరటికి ఆనుకుని ఇంకో పెరడు. అందులో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. నేను పక్కింటి ఓమా అనేదాన్ని, ఇక్కడి పిల్లలు అమ్మమ్మను పిలిచే మాట అది. ఆవిడ రెండు పుల్లలకు దారం కట్టి, దారం వెంబడి గీత గీసి, గీతలో గింజ గింజా పెట్టే మనిషి. అమ్మమ్మ చల్లుడు చూసి కంచె అవతల గుండె మీద చెయ్యి వేసుకుంది. అంత ఒత్తుగా వేస్తే ఊపిరాడదు అని జర్మన్‌లో అరిచింది. "మంచిగున్న, నువ్వు మంచిగున్నవా?" అని అమ్మమ్మ తెలుగులో అరిచింది. వాళ్ళిద్దరి స్నేహం అలా మొదలైంది. ఒకరి భాష ఒకరికి రాదు గనక ఇద్దరూ గొంతు పెంచి మాట్లాడుకునేవాళ్ళు.

సోయకూర గుబురుగా లేచింది. పొద్దున్నే తడిపితే ఇంట్లోకి దాకా వాసన. అమ్మమ్మ మొక్కుకుంది. మొదటి కోతలో ఒక గుప్పెడు దేవునికి, మిగతాదంతా బిడ్డకు పప్పు. ఆ పప్పు తింటే ముక్కు తెరుచుకుంటుందని ఆవిడ నమ్మకం. ఆవిడ నమ్మితే నేనూ నమ్మినట్టే.

కోతకు ఇంకా వారముందనగా ఆకుల మీద పిట్ట రెట్టల్లా నల్లటి చుక్కలు కనిపించాయి. రెట్టలే అనుకున్నాం. రెట్టలు పాకడం మొదలుపెట్టాయి. చూస్తుండగానే ఒళ్ళు చేసి, పచ్చబడి, నల్ల పట్టీలు తొడుక్కున్నాయి. తినడమంటే అలా ఇలా కాదు. చెవి దగ్గర పెడితే చప్పుడు వినిపించేది.

అమ్మమ్మకు మండింది. పంట తినే పురుగును గద్దించే ప్రార్థన ఒకటి వాళ్ళ గుడిలో చేస్తారు. సాయంత్రం తలమీద కొంగు కప్పుకుని, మడి ముందు నిలబడి, చెయ్యి చాపి గద్దించింది. "నా బిడ్డ కూర ముట్టద్దు! ఏసయ్య నామంల చెప్తున్న, పొండ్రి! కదులుండ్రి!" ఆవిడ చెయ్యి నీడ పడేసరికి పురుగులన్నీ ఒక్కసారి తల ఎత్తి, మెడ వెనక నుంచి నారింజ కొమ్ములు చాపాయి. అమ్మమ్మ రెండడుగులు వెనక్కి గెంతింది. "ఓ దేవా! కొమ్ములు! గివి పురుగులు గావు పిల్లా, సైతాను మంద!" నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుకూ ఒక తొడపాశం పడింది.

ప్రార్థన చెవిటివాడి ముందు శంఖం అయ్యాక, అమ్మమ్మ మాంసం కాల్చే పొయ్యిలోంచి బూడిద గిన్నెకెత్తుకుని బయల్దేరింది. బూడిద చల్లితే ఏ పురుగైనా పోవాల్సిందే. గిన్నెలో చెయ్యి పెట్టిందో లేదో, కంచె అవతల నుంచి "నైన్! నైన్!" అని, వద్దు వద్దని కేక. ఓమా పరుగెత్తుకొచ్చింది. మాస్కు ఒక చెవికి వేలాడుతోంది. దూరం పాటించాలన్న సంగతే మర్చిపోయి కంచె మీద వాలిపోయింది. ఆ పురుగుల్ని చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. గబగబా ఏదేదో చెప్పింది. నేను మధ్యలో నిలబడి తర్జుమా చేశాను.

"అమ్మమ్మా, ఇవి ష్వాల్బెన్‌ష్వాన్స్ అంట. సీతాకోకచిలుకలు అయితయ్. పెద్దగా, పసుపు రంగు, తోకలు కూడా ఉంటయ్. ఓమా చిన్నప్పుడు చూసిందంట, మళ్ళ ఎన్నేండ్లకో ఇప్పుడే. చంపొద్దంట. లా ఉందంట."

"ఏందున్నది?"

"చట్టం. గవర్నమెంట్ చంపనియ్యదంట."

అమ్మమ్మ గిన్నె దించింది. "పులికుంటది సర్కారు కావలి. నెమలికుంటది. పురుగుక్కూడనా?"

"ఉంటదంట."

"మంచి దేశం దొరికింది పో" అని గిన్నె అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఓమా కొంచెం ఉక్రోషంగా, తను ఇన్నేళ్ళు వరసల్లో డిల్ పెంచినా ఒక్కటీ రాలేదనీ, మీ అమ్మమ్మ అడవికే వచ్చాయనీ నాతో అంది.

ఆ రోజు నుంచి నాకు పని దొరికింది. మెత్తటి చిగుళ్ళు వెతికి పురుగుల ముందు పెట్టడం, ఎండిన కాడ మీది వాటిని పచ్చ కాడ మీదికి దాటించడం. గడ్డిపుల్లతో వీపు మీద మెల్లిగా తాకితే కొమ్ములు వస్తాయి, కంపు వస్తుంది. ఆ విద్య నాన్న మీద ప్రయోగించాను. ఆయన వీడియో మీటింగులో పెద్ద అధికారితో మాట్లాడుతుంటే, బల్ల కింద నుంచి సోయకూర కాడ ముక్కు దాకా లేపాను. అధికారి ఏదో ముఖ్యమైన మాట చెబుతున్నాడు. నాన్న ముఖం వంకరలు తిరిగింది. "మీకు అభ్యంతరమా?" అని ఆయన అడగడం నాకు వినిపించింది. ఆ పూట నాకు టీవీ లేదు.

కానీ మడి పలచబడిపోతోంది. అమ్మమ్మ రోజూ వంగి చూసుకునేది, లేచేటప్పుడు ఒక నిట్టూర్పు. చివరికి శనివారం పొద్దున కత్తి తీసి, "ఇయ్యాల మొత్తం కోస్త. ఇంకో దినమాగితే కాడలు మిగుల్తయ్" అంది.

"మరి అవేం తింటయ్?"

"నా బిడ్డ నోట్లకు వొయ్యేది గీటికి వెట్టాల్నా? మీ అమ్మను జూసినవా, ఎట్లయిందో?"

చూశాను. నాకూ అమ్మే కావాలి. కానీ రోజూ చేత్తో తిండి పెట్టిన నోళ్ళు అవి. నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే వంటింట్లోకి పరుగెత్తి, బియ్యం డబ్బా తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"దేవుని గుప్పెడు ఎవ్వరికియ్యాల్నో ఆయనే చూసుకుంటడన్నవ్ కదా. గుడి మూసేసిండ్రు. ఎవ్వరు వస్తలేరు. ఇవొక్కటే వచ్చినయ్."

అమ్మమ్మ నా వైపు చూసింది. డబ్బా వైపు చూసింది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఆవిడ. అయినా మడికి ఒక మూల, కాస్త గుబురుగా ఉన్న చోట, కత్తి పెట్టకుండా వదిలేసింది. "దేవుని గుప్పెడు. అంతే. ఒక్క రెమ్మ ఎక్కువ లేదు" అంది. నేను పురుగుల్ని ఒక్కొక్కటే కాడతో సహా ఆ మూలకు చేర్చాను.

మధ్యాహ్నం పప్పు వండింది. పెసరపప్పు, సోయకూర, ఎండుమిర్చి, జీలకర్ర. ఇల్లంతా గుమగుమ. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, పళ్ళెం ముందు కూర్చుంది. మేం ముగ్గురం తినకుండా ఆమె నోటినే చూస్తున్నాం. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. నవ్వింది.

"అబ్బ, ఎంత మంచిగుంది అమ్మా! ఎల్లిపాయ పోపు గుమ్మని తగుల్తుంది."

అమ్మమ్మ కూడా నవ్వింది. ఇంకో గరిటె వేసింది. అమ్మ పళ్ళెం ఖాళీ చేసింది. తర్వాత వంటింట్లో అమ్మమ్మ గిన్నె తోముతూ, నా వైపు తిరగకుండా, "ఇంట్ల ఎల్లిపాయ అయిపోయి వారమాయె" అంది. కూర గిన్నెను ఆవిడ చాలాసేపు తోమింది.

ఆ తర్వాత అమ్మమ్మ సోయకూర మాట ఎత్తలేదు. పప్పు మీద పెట్టుకున్న ఆశ పోయింది. నాకైతే ఒళ్ళు మండిపోయేది. దేవుడికి ఇచ్చినందుకైనా ఆయన ఏదో ఒకటి చెయ్యొద్దా అనిపించేది. పురుగులు మాత్రం తమ గుప్పెడు తాము తింటూ నా బొటనవేలంత లావయ్యాయి. ఓమా తన క్యారెట్ ఆకులు కంచె మీదుగా అందించేది. అవి కూడా తింటాయని అప్పుడే తెలిసింది.

ఒక సాయంత్రం అమ్మ డ్యూటీ దిగి వచ్చి, పెరటి మెట్టు మీద కూలబడింది. మాస్కు చారలు బుగ్గల మీద ఎర్రగా ఉన్నాయి. అమ్మమ్మ పక్కన బట్టలు ఆరేస్తోంది. అమ్మను నవ్వించాలని నేను బాగా బలిసిన పురుగు ఒకదాన్ని కాడతో సహా తెచ్చాను.

"అమ్మా, చూడు, కొమ్ములు చూపిస్తా."

అమ్మ వంగింది. ముఖం కాడ దగ్గరికి వచ్చింది. నేను గడ్డిపుల్లతో తాకాను. కొమ్ములు చివుక్కున లేచాయి. అమ్మ తల వెనక్కి లాక్కుంది.

"ఛీ! ఏం కంపే ఇది!"

తీగ మీద వేయబోయిన చీర అమ్మమ్మ చేతుల్లోనే ఆగిపోయింది. ఏమన్నదో అమ్మకు ఒక్క క్షణం తర్వాత తట్టింది. చెయ్యి మెల్లగా ముక్కు మీదికి పోయింది.

"ఏమన్నవు బిడ్డా?" అంది అమ్మమ్మ.

"కంపు."

"మల్లొక్కపారి అను."

"కంపు కొడ్తుంది అమ్మా. పులిసిన పండు లెక్క. కంపు!"

"మల్ల అను."

అమ్మ అంటూనే ఏడుస్తోంది. అమ్మమ్మ చీర నేల మీద పడేసి వచ్చి, అమ్మ తలను పొట్టకు అదుముకుంది. కొంగుతో ఎవరి కళ్ళు తుడుస్తోందో తెలియడం లేదు. చప్పుడుకు ఓమా కంచె దగ్గరికి వచ్చింది. అందరం ఏడుస్తుండేసరికి ఏదో అశుభం జరిగిందనుకుని ముఖం తెల్లబోయింది. నేను కాడను జెండాలా పైకెత్తి, "అమ్మకు వాసన తెలిసింది! కంపు కొడుతోందట!" అని జర్మన్‌లో అరిచాను. ఆవిడ చప్పట్లు కొట్టింది. నాన్న మీటింగు వదిలేసి హెడ్‌ఫోనుతో సహా బయటికి పరుగెత్తుకొచ్చాడు. పాపం ఆ పురుగును ఆ సాయంత్రం ఎన్నిసార్లు విసిగించామో. చివరికి అది కొమ్ములు చాపడం మానేసి, విసుక్కున్నట్టు కాడ దిగిపోయింది.

మర్నాటి నుంచి అమ్మమ్మ వేరే మనిషి. సైతాను మంద కాస్తా "నా కొడుకులు" అయింది. బియ్యం గుప్పెడు డబ్బాలో వేసిన చేత్తోనే సోయకూర గుప్పెడు తీసుకుని మడి దగ్గరికి నడిచేది. మడి అయిపోతే నాన్నను షాపుకు తరిమేది. ఆయన అక్కడి కుండీలన్నీ ఎత్తుకొచ్చేవాడు. ఇంత డిల్‌తో ఎంత చేప వండుతారని కౌంటరులో అమ్మాయి అడిగితే, చేపకు కాదు, పురుగులకు అని చెప్పి వచ్చాడట. గద్దించిన నోటితోనే అమ్మమ్మ వాటికి స్తోత్రాలు చెప్పింది. "నేను పప్పు చెయ్యవడితి. ఆయన పురుగును వంపె. మనకు తెల్వది" అని నాతో అంది. అంత పెద్దావిడ తనకు తెలియదని చెప్పడం నేను అప్పుడే విన్నాను.

తిండి మానేసి, పురుగులు కాడలకు నడుముకు దారం కట్టుకుని నిలబడి, గూళ్ళయ్యాయి. కొన్నిటిని పిట్టలు తీసుకుపోయాయి. ఒకటి మాత్రం ఎండపొద్దున మా కళ్ళ ముందే విచ్చుకుంది. పసుపు రెక్కలు, నల్ల గీతలు, కింద నీలం, తోక దగ్గర ఎర్రటి బొట్టు. రెక్కలు ఆరేదాకా అమ్మ, అమ్మమ్మ, నేను, కంచె అవతల ఓమా, ఊపిరి బిగబట్టుకుని చూశాం. అది లేచి, ఓమా దారాల వరసల మీదుగా వెళ్ళిపోయింది. ఓమా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అమ్మమ్మ డబ్బాల్లోని దేవుని బియ్యంలోంచి తీసి ఆ రోజు పరమాన్నం వండింది. మొదటి గిన్నె కంచె మీదుగా ఓమాకే వెళ్ళింది. బదులుగా శీతాకాలానికి మా ఇంటికి దోసకాయ ఊరగాయ సీసాలు వచ్చాయి. వాటి అడుగున మళ్ళీ చిగిర్చిన మా సోయకూర పూలే ఉన్నాయి.

అమ్మకు వాసనలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ముందు అన్నీ చెడ్డవే. కంపు, పొగ, ఫినాయిలు. తర్వాత కాఫీ. నా తల మాత్రం ఎంతకూ రాలేదు. ఒళ్ళో కూర్చున్నప్పుడు నేనే అడిగేదాన్ని, "ఇవాళ?" అని. అమ్మ తల అడ్డంగా ఊపేది. ఆకులు రాలే రోజుల్లో విమానాలు తెరిచారు. అమ్మమ్మకు టికెట్ దొరికింది. విమానాశ్రయం బయట, లోపలికి మమ్మల్ని రానివ్వని గుమ్మం దగ్గర, ఆవిడ కొంగులో తల దాచుకుని నేను ఏడ్చిన ఏడుపు ఇంకా గుర్తే. "ఒత్తులు మర్చిపోకు" అని చెప్పి వెళ్ళిపోయింది.

తిరుగు ప్రయాణంలో నాన్న కారు నడుపుతున్నాడు. అమ్మ నాతో వెనక సీట్లో కూర్చుంది. అలవాటుగా నా జుట్టులో ముక్కు పెట్టింది. నేను అడగలేదు కూడా. చాలాసేపటికి అమ్మ గొంతు, సన్నగా.

"అమ్మమ్మ కొంగుల తల వెట్టి ఏడ్చినవు. కొబ్బరినూనె. సోయకూర."

నేను కదలకుండా ఉండిపోయాను. కదిలితే పోతుందేమోనని.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఉన్నన్నాళ్ళూ ఫోనులో నా చేత వాక్యం చదివించుకుంది. ఒత్తు మింగితే అక్కడి నుంచే, "తొడ చాపు" అనేది. నేను చాపేదాన్ని. నాకు దొరికినంత మంచి ఏడాది ఏ పిల్లకూ దొరికి ఉండదు. అంత భయంలో, అంత ప్రేమగా పెరిగాను. ఎవరికి కృతజ్ఞత చెప్పాలో ఎంచుకోలేను గనక అందరికీ చెబుతున్నాను. అమ్మమ్మకు, ఓమాకు, టెర్మిన్ ఇవ్వకుండా ఆలస్యం చేసిన ఆఫీసుకు కూడా.

శనివారం తెచ్చిన కట్టలోంచి వండబోయే ముందు ఒక గుప్పెడు పక్కకు తీశాను. నీళ్ళ గ్లాసులో పెట్టి, పురుగును దాని మీద ఎక్కించి, బాల్కనీలో ఉంచాను. మర్నాడు అమ్మ డ్రెస్డెన్ నుంచి రైల్లో దిగింది. జుట్టు తెల్లబడింది, ముక్కు మాత్రం పదునుగానే ఉంది. గుమ్మంలోనే నా తల వాసన చూసి, "నిన్న ట్రామ్‌ల ఎవ్వరినో ఇబ్బంది వెట్టినవు" అంది.

బాల్కనీలోకి తీసుకెళ్ళాను. అమ్మ బ్యాగు కింద పెట్టి, కుండీలోంచి ఒక గడ్డిపుల్ల తుంచి, వంగి, పురుగు వీపు మీద మెల్లిగా తాకింది. కొమ్ములు లేచాయి. అమ్మ కళ్ళు మూసుకుంది.

"అబ్బ, ఎంత కంపో!" అని మళ్ళీ వంగింది.